బరువు తగ్గించే ఆపరేషన్: బిడ్డలు కోరే మగవారు తెలుసుకోవలసిన సంగతులు



ఈ నెల ఆరోగ్య పాఠం ముఖ్యంగా మగవారి కోసం. ఇంటిల్లిపాది చదివే పత్రికలో ఇలాంటి విషయం రాయాలా అని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ సంగతి దాచినందువల్ల నష్టపోతున్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. అందుకే రాస్తున్నాం.

రేపల్లె నుంచి ఉదయం రైలెక్కి తెనాలి ఆసుపత్రికి వచ్చే ఒక దంపతులను ఊహించుకోండి. పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. భార్య చేతిలో దళసరి ఫైలు ఉంది. అందులో స్కానింగులు, రక్త పరీక్షలు, ట్యూబుల పరీక్ష, నాలుగు ఊళ్ళ డాక్టర్ల చీటీలు ఉన్నాయి. భర్త పేరు మీద ఒక్క కాగితం కూడా లేదు. ఆయన ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 105 కిలోలు. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి గురక. "నాకేమీ లేదండీ, నేను బాగానే ఉన్నాను" అంటాడు. బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఎక్కడో విని, "అది చేయించుకుంటే పిల్లలు పుడతారా డాక్టరు గారూ?" అని అడుగుతాడు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం. ముందుగా రెండు ముక్కల్లో చెబుతాం. అవసరమైన వారికి ఈ ఆపరేషన్ మగవాని ఆరోగ్యానికి ఎంతో మేలు చేస్తుంది. కాని ఇది పిల్లల కోసం చేసే ఆపరేషన్ కాదు. కొందరిలో ఆపరేషన్ తర్వాత కొంతకాలం వీర్యకణాలు తగ్గిపోవచ్చు కూడా. కాబట్టి ఆపరేషన్ బల్ల ఎక్కేముందే వీర్య పరీక్ష చేయించుకోవాలి.

నింద ఎవరి మీద పడుతోంది?

బైబిలులో హన్నా కథ మనకందరికీ తెలుసు. పిల్లలు లేరని ఎత్తిపొడుపులు పడింది హన్నాయే. మన ఊళ్ళలో నేటికీ అంతే. అత్తగారు కోడలినే అంటుంది, చుట్టాలు కోడలినే అడుగుతారు. గొడ్రాలు అనే మాట భాషలో ఉంది గాని, మగవానికి అలాంటి మాట ఎవరూ వాడరు.

వైద్యశాస్త్రం చెప్పేది వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం, ప్రపంచంలో దాదాపు ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. ఇటువంటి దంపతుల్లో ఇంచుమించు సగం మందిలో మగవాని వైపు లోపం ఉంటుంది. కొన్నిసార్లు అదొక్కటే కారణం, కొన్నిసార్లు భార్య వైపు కారణంతో కలిసి ఉంటుంది. అయినా పరీక్షలన్నీ భార్యకే చేయిస్తారు. మగవానికి చేసే మొదటి పరీక్ష అన్నిటికన్నా తేలికైనది, నొప్పి లేనిది, తక్కువ ఖర్చుతో అయ్యేది.

మన ప్రాంతపు మిషన్ చరిత్రలో ఒక సంగతి గుర్తొస్తుంది. డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆడవారి కోసం ఆసుపత్రి తెరిచారు. ఆ రోజుల్లో ఎందరో ఆడవారు మగ డాక్టరు ఎదుటికి రావడానికి సిగ్గుపడి, వైద్యం లేక బాధలు పడేవారు. ఈనాడు ఆడవారు ధైర్యంగా ఆసుపత్రికి వస్తున్నారు. పిల్లల విషయం వచ్చేసరికి తెర చాటున ఉండిపోయేది మగవారే.

బరువు ఎంత ఉంటే ఎక్కువ?

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని ఆ ఎత్తును ఎత్తుతోనే గుణించి, వచ్చినదానితో బరువును భాగించాలి. వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. మనం పైన చెప్పుకున్న సోదరునికి 105ను 2.89తో భాగిస్తే 36 దాటుతుంది.

మన దేశపు వైద్యులు 2009లో ప్రచురించిన సూచనల్లో, భారతీయులకు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అన్నారు. మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. పాశ్చాత్యుల కంటే మనకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి, షుగరు, రక్తపోటు వస్తాయి కాబట్టి మనకు ఈ హద్దులు తక్కువగా పెట్టారు.

మనది డెల్టా ప్రాంతం. దేశమంతా ఇష్టంగా తినే సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204 రకం, బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైంది. మూడు పూటలా తెల్లన్నమో, తెల్లబియ్యంతో చేసిన ఇడ్లీ, దోశో తింటాం. తప్పు బియ్యానిది కాదు. తాతలు అదే అన్నం తిని నాట్లు, కోతలు, కుప్పనూర్పిళ్ళు చేశారు. మనం అంతే అన్నం తిని మోటారు సైకిలు మీద తిరుగుతున్నాం.

కొవ్వు మగవానికి చేసే కీడు

మగ హార్మోను పేరు టెస్టోస్టిరాన్. అది వృషణాల్లో తయారవుతుంది. ఎంత తయారు కావాలో మెదడు చెబుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి హార్మోను తయారీకి, మరొకటి వీర్యకణాల తయారీకి.

దీన్ని మన కాలువలతో పోల్చుకోవచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర తలుపులు ఎత్తితేనే తెనాలి, రేపల్లె కాలువల్లో నీళ్ళు పారతాయి. దిగువన నీళ్ళు నిండుగా ఉన్నాయని కబురు వస్తే పైన తలుపులు దింపేస్తారు. ఆ కబురు తప్పుడుదైతే దిగువ పొలాలు ఎండిపోతాయి. ఊబకాయంలో జరిగేది సరిగ్గా ఇదే. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది మగ హార్మోనును ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. ఈస్ట్రోజన్ పెరిగేసరికి మెదడు హార్మోన్లు చాలినన్ని ఉన్నాయని భ్రమపడి సంకేతాలు తగ్గించేస్తుంది. హార్మోను తగ్గిన కొద్దీ కొవ్వు పెరుగుతుంది, కొవ్వు పెరిగిన కొద్దీ హార్మోను తగ్గుతుంది.

దీనికి తోడు మరో మూడు కీడులు ఉన్నాయి.

మొదటిది వేడి. వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు బాగా తయారవుతాయి. పొట్ట, తొడల కొవ్వు మధ్య నలిగితే ఆ చల్లదనం ఉండదు.

రెండవది గురక జబ్బు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారిలో మగ హార్మోను తగ్గుతుంది.

మూడవది షుగరు, రక్తపోటు. ఇవి రక్తనాళాలను, నరాలను దెబ్బతీసి అంగస్తంభన లోపం కలిగిస్తాయి. నలభై ఏళ్ళ లోపు ఈ లోపం కనిపిస్తే సిగ్గుపడి దాచవద్దు. కొన్నిసార్లు అది రాబోయే గుండెజబ్బుకు ముందు హెచ్చరిక.

ఆపరేషన్ అంటే ఏమిటి?

దీన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, కెమెరా సాయంతో చేస్తారు. ఇది పైకొవ్వు పీల్చివేసే అందం ఆపరేషన్ కాదు. ఎక్కువగా చేసేవి రెండు రకాలు.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో మూడొంతులకు పైగా తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. కొంచెం తినగానే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే హార్మోను కూడా తగ్గుతుంది.

బైపాస్ ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్న పేగుకు కలుపుతారు. ఆహారం కొంత పేగును దాటి వెళుతుంది. షుగరు ఉన్నవారికి ఇది బాగా పనిచేస్తుంది. కాని విటమిన్లు, ఖనిజాలు ఒంటపట్టడం తగ్గుతుంది.

అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం బి.ఎం.ఐ. 35 దాటినవారికి, లేక 30 దాటి షుగరు వంటి జబ్బులున్నవారికి ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చు. ఆసియా వారికి 27.5 నుంచే ఆలోచించవచ్చన్నారు. ఆహార నియమం, వ్యాయామం నిజంగా ప్రయత్నించి చూసిన తర్వాతనే ఈ మాట. అనుభవమున్న సర్జను, మత్తు డాక్టరు, ఆహార నిపుణులు, ఐ.సి.యు. ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

ఏది బాగుపడుతుంది, ఏది చెప్పలేం?

బాగుపడేవి చాలా ఉన్నాయి. ఒకటి రెండేళ్ళలో చాలామందికి ఉన్న బరువులో నాలుగో వంతు దాకా తగ్గుతుంది. షుగరు, రక్తపోటు, గురక తగ్గుతాయి. కొవ్వు కరిగేసరికి బ్యారేజీకి తప్పుడు కబురు వెళ్ళడం ఆగి, మగ హార్మోను పెరుగుతుంది. బ్రెజిల్ పరిశోధకులు తీవ్ర ఊబకాయమున్న 20 మంది మగవారిని రెండేళ్ళు గమనించారు. బైపాస్ చేయించుకున్నవారిలో హార్మోను పెరిగింది, అంగస్తంభన మెరుగుపడింది. అయితే అదే బృందం 2012లో ప్రచురించిన వీర్య పరీక్షల ఫలితాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

అంటే హార్మోను పెరగడం వేరు, వీర్యకణాలు పెరగడం వేరు. దాంపత్య సామర్థ్యం తిరిగి వచ్చినంత మాత్రాన బిడ్డలు కలిగే శక్తి వచ్చినట్టు కాదు. ఈ తేడా తెలియకనే చాలామంది నిరాశ పడుతున్నారు.

మంచి వార్తలూ ఉన్నాయి. కతార్‌లో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్న 46 మందిని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ముందు వీర్యకణాలు తక్కువగా ఉన్నవారిలో, అసలు లేనివారిలో కూడా సంఖ్య పెరిగింది. మరోవైపు ఇటలీలో బైపాస్ తర్వాత ఆరుగురు మగవారిలో వీర్యకణాలు పూర్తిగా కనిపించకుండా పోయాయని 2005లో రాశారు. ఫ్రాన్స్‌లో 2019లో వచ్చిన అధ్యయనంలో ఆపరేషన్ అయిన ఏడాదికి మొత్తం వీర్యకణాల సంఖ్య ముందుకన్నా తగ్గింది.

ఎందుకు తగ్గుతుంది? పైరుకు ఎరువు ఒక్కసారిగా ఆపేస్తే గింజ పట్టదు. బరువు వేగంగా తగ్గే రోజుల్లో ఒంటికి మాంసకృత్తులు, జింకు, ఫోలిక్ ఆమ్లం, బి12 వంటివి చాలకపోవడం ఒక కారణమని వైద్యులు భావిస్తున్నారు. పైగా సాంబ మసూరి కోతకు రావడానికి దాదాపు అయిదు నెలలు పట్టినట్టే, ఒక విడత వీర్యకణాలు తయారై బయటికి రావడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది. ఈ రోజు తిండిలోని లోపం మూడు నెలల తర్వాత పరీక్షలో కనబడుతుంది. ఈ రోజు సరిదిద్దుకున్నదీ అంతే.

ఆపరేషన్‌కు ముందు చేయవలసినవి

1. వీర్య పరీక్ష చేయించుకోండి. రెండు నుంచి ఏడు రోజులు దాంపత్యానికి దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు కనీస స్థాయి. అంతకు తగ్గితే పిల్లలు పుట్టరని కాదు. కొన్ని వారాలాగి మళ్ళీ పరీక్షించి చూడాలి.

2. డాక్టరు చేత ఒళ్ళు చూపించుకోండి. వృషణాల దగ్గర నరాలు ఉబ్బిన వెరికోసిల్, చిన్నప్పటి గవదబిళ్ళల వల్ల దెబ్బతిన్న వృషణాలు, నాళాల్లో అడ్డు వంటివి బరువు తగ్గినంత మాత్రాన నయం కావు.

3. కణాలు చాలా తక్కువగా ఉంటే, వీర్యాన్ని భద్రపరిచే సంగతి అడగండి. ఇది కొత్త విషయమేమీ కాదు. పశువుల ఆసుపత్రిలో ద్రవ నత్రజని డబ్బాలో ఎద్దు వీర్యం దాచడం మన రైతులందరూ చూసిందే. మనుషులకూ అదే పద్ధతి. 2021 చట్టం ప్రకారం రిజిస్టరైన బ్యాంకులోనే దాచాలి.

4. భార్యను వెంట తీసుకువెళ్ళండి. ఆమె వయసు ముఖ్యం. ముప్పయ్యయిదు దాటుతుంటే, ముందు సంతానానికి వైద్యమా, ముందు ఆపరేషనా అన్నది ఇద్దరూ డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

5. పొగ, గుట్కా, సారాయి ఇప్పుడే మానండి. అవి వీర్యానికీ చేటు, ఆపరేషన్ గాయం మానడానికీ చేటు.

ఆపరేషన్ తర్వాత జాగ్రత్తలు

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. చేపలు మన తీరంలో దొరికే మంచి ఆహారం. గుడ్లు, చేపలు, పెరుగు, పప్పు ముందు తిని, అన్నం చివర కొద్దిగా తినాలి.

విటమిన్ మాత్రలు, బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి డాక్టరు చెప్పినట్టు జీవితాంతం వాడాలి. ఒంట్లో బాగుందని ఆరు నెలలకే మానేసేవారున్నారు. బి12 లోపం పైకి కనబడకుండా నరాలను తినేస్తుంది.

మద్యం ముట్టవద్దు. ముఖ్యంగా బైపాస్ తర్వాత కొంచెం తాగినా త్వరగా తలకెక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదం పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. కొన్ని నొప్పి మాత్రలు లోపల పుండ్లు చేస్తాయి.

ఆపరేషనైన మొదటి రోజుల్లో జ్వరం, గుండెదడ, కడుపులో తీవ్రమైన నొప్పి, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. తర్వాతి వారాల్లో వాంతులు ఆగకుండా అవుతూ, చూపు రెండుగా కనిపించినా, నడక తూలినా వెంటనే రావాలి. బి1 విటమిన్ లోపం మెదడును శాశ్వతంగా దెబ్బతీయగలదు.

హార్మోను ఇంజెక్షన్ల గురించి ఒక హెచ్చరిక

ఈ పాఠంలో మిగతాదంతా మరచినా ఇది మరువకండి. హార్మోను తక్కువగా ఉందని తెలియగానే కొందరు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. కండలు పెరగాలని జిమ్ముల్లోనూ తీసుకుంటున్నారు. బయట నుంచి హార్మోను వచ్చేసరికి మెదడు తన సంకేతాలు పూర్తిగా ఆపేస్తుంది. వీర్యకణాల తయారీ నిలిచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఇంజెక్షన్‌నే మగవారికి గర్భనిరోధకంగా పరీక్షించి 1990లో ఫలితాలు ప్రచురించింది. వారం వారం ఇంజెక్షన్ తీసుకున్న ఆరోగ్యవంతుల్లో సగానికి పైగా మందిలో వీర్యకణాలు పూర్తిగా మాయమయ్యాయి. బిడ్డ కావాలని వేయించుకునే సూది బిడ్డ రాకుండా అడ్డుపడుతుందన్నమాట. మానేశాక చాలామందిలో తిరిగి వస్తాయి గాని, నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. పిల్లలు కావలసినవారికి వేరే మందులున్నాయి. నిపుణుడైన డాక్టరునే అడగండి.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: ఆపరేషన్ అయ్యాక ఎంతకాలం ఆగాలి?
జవాబు: ఆపరేషన్ భార్యకు జరిగితే ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. భర్తకు జరిగితే అంత కచ్చితమైన నియమం లేదు. అయితే బరువు వేగంగా తగ్గే మొదటి ఏడాది మంచి ఫలితం ఆశించే కాలం కాదు. బరువు నిలకడకు వచ్చాక మళ్ళీ వీర్య పరీక్ష చేయించుకోవడం మంచిది.

ప్రశ్న: ఆపరేషన్ లేకుండా బరువు తగ్గితే లాభం లేదా?
జవాబు: తప్పకుండా ఉంది. పదిశాతం తగ్గినా షుగరు, గురక, హార్మోను మెరుగుపడతాయి. రాత్రి అన్నం సగానికి తగ్గించి, రోజూ అరగంట చురుగ్గా నడవండి. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన దేశంలోకి 2025లో వచ్చాయి. వాటిని కూడా డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

ప్రశ్న: వీర్య పరీక్షలో లోపం వస్తే మా వాడి పరువు పోదా అమ్మా?
జవాబు: పెద్దమ్మా, ఆ కాగితం డాక్టరుకూ ఆ దంపతులకూ మధ్యనే ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకున్నవాని పరువు పోతుందా? ఇదీ ఒంట్లో ఒక లోపమే. కోడలు ఆరేళ్ళుగా మోస్తున్న నింద మాటేమిటి?

గుర్తుంచుకోవలసినవి

- సంతానలేమికి పరీక్ష ఇద్దరికీ ఒకేసారి మొదలుకావాలి.
- బరువు తగ్గించే ఆపరేషన్ ప్రాణానికి, ఆరోగ్యానికి మేలు. అది పిల్లల కోసం చేసే ఆపరేషన్ కాదు.
- ఆపరేషన్‌కు ముందు వీర్య పరీక్ష, తర్వాత జీవితాంతం విటమిన్లు.
- పిల్లలు కావాలంటే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వద్దు.

రేపల్లె రైల్లో వచ్చిన ఆ సోదరుని దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయన బరువు, గురక చూస్తే ఆపరేషన్ ఆయనకు మంచిదే కావచ్చు. కాని ముందు చేయవలసింది ఒక చిన్న సీసాలో నమూనా ఇవ్వడం. ఫలితం ఎలా వచ్చినా, ఆ రోజు నుంచి భార్య చేతిలోని ఫైలులో భర్త కాగితం కూడా ఒకటి చేరుతుంది. ఆరేళ్ళుగా ఆమె ఒంటరిగా మోసిన బరువులో సగం అక్కడే దిగిపోతుంది.

పిల్లల కోసం ప్రార్థించే ప్రతి ఇంటిలో భార్యాభర్తలిద్దరూ కలిసి మోకరించాలనీ, కలిసే ఆసుపత్రికి రావాలనీ కోరుకుంటున్నాం. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.